ఆర్గానిక్‌లో సీ మైనస్, ఇంట్లో డీఓ గొడవ

ప్రశ్న: సార్ నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస దగ్గర. మా అక్కా బావా న్యూజెర్సీలో ఉంటారు, వాళ్ళమ్మాయి అక్కడే పుట్టింది, సిటిజనే. బయాలజీ డిగ్రీ అయిపోయి ఇప్పుడు మా ఇంటికొచ్చి నెలైంది. డాక్టరే అవుతానంటది గానీ మార్కులు చూస్తే నాకే భయమేస్తోంది. మొత్తం జీపీఏ నాలుక్కి 3.2, సైన్స్ జీపీఏ మటుకు 2.85, అది 60 క్రెడిట్లకి. ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదటి సెమిస్టర్ సీ మైనస్, ఫిజిక్స్ రెండూ సీ, మెడికల్ సీటు కోసం రాసే ఎంక్యాట్ పరీక్షలో 498. ఈ ఏడాదే డీఓ కాలేజీలకి పెట్టేస్తాను మావయ్యా, ఆర్గానిక్ మళ్ళీ రాస్తే పాత గ్రేడు తీసేస్తారు, అంటోంది, ఎవరో ఫ్రెండ్ చెప్పిందట. మా అక్కేమో ఫోన్లో ఏడుపు, డీఓ అంటే ఎముకలు సర్దేవాళ్ళు, మన పుత్తూరు కట్టు లాంటిది, దానికి అమెరికాలో చదవడం దేనికి, కరీబియన్ వెళ్ళి ఎండీ చదువుకో అని. మా అమ్మకి ఉద్దానం కిడ్నీ జబ్బు, డయాలసిస్ మీద ఉంది, పిల్ల వారానికి రెండుసార్లు అమ్మమ్మకి తోడెళ్తోంది. మేవేటి చెయ్యాల సార్?
– ఒక మేనమామ

జవాబు: బాబూ, ముందు మీ అక్కగారి ఏడుపు సంగతి చూద్దాం, అది తేలకుండా పిల్ల ఏ ఫారం నింపినా మీ ఫోన్ మోగుతూనే ఉంటది. డీఓ అంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్. పేరులో ఆస్టియో ఉంది కాబట్టి ఎవరికైనా ఎముకలే గుర్తొస్తాయి, అందులో మీ అక్క తప్పేం లేదు, అసలు దాన్ని మొదలెట్టిన ఆండ్రూ టేలర్ స్టిల్ అనే ఆయన ఎముకలూ కండరాలూ సరిగ్గా సర్దితే ఒంట్లో జబ్బు తగ్గుతుందని గట్టిగా నమ్మిన మనిషే, 1892లో మిస్సోరీ రాష్ట్రం కర్క్స్‌విల్‌లో మొదటి కాలేజీ పెట్టాడు. అది అప్పటి ముచ్చట. ఇప్పటి డీఓ అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ పూర్తి డాక్టరు, మందులు రాస్తాడు, ఆపరేషన్ చేస్తాడు, గుండె డాక్టరవుతాడు, కిడ్నీ డాక్టరూ అవుతాడు. చేతుల్తో చేసే ఆ వైద్యం కూడా ఓ 200 గంటలు అదనంగా నేర్పుతారు, అంతే తేడా. 2020లో ట్రంప్‌కి కోవిడ్ వచ్చినప్పుడు ఆస్పత్రి ముందు తెల్లకోటు వేసుకుని మైకుల ముందు మాట్లాడాడే షాన్ కాన్లీ, ఆయన డీఓనే. తర్వాత బైడెన్‌కి డాక్టరుగా ఉన్న కెవిన్ ఓకానర్ కూడా డీఓనే. ఈ రెండు పేర్లూ మీ అక్కకి చెప్పండి, నా లెక్కలన్నిటికంటే అవే పనిచేస్తాయి. ఇంకోటి, బ్రిటన్ లాంటి చోట్ల ఆస్టియోపాత్ అంటే నిజంగానే డాక్టరు కాదు, చేతివైద్యం చేసే మనిషి, మనవాళ్ళు గూగుల్లో కొడితే అదీ ఇదీ కలిసిపోయి వస్తది, సగం గందరగోళం అక్కడే.

కరీబియన్ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. అక్కడ ఎండీ అంటే మన ఎంబీబీఎస్ లాంటి డాక్టరు చదువే, మన దగ్గరి పీజీ ఎండీ కాదు. 2024 మ్యాచ్‌లో, అంటే చదువయ్యాక రెసిడెన్సీ (ఆస్పత్రిలో పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ) సీట్లు పంచే పద్ధతిలో, డీఓ ఫైనలియర్ వాళ్ళకి 92 శాతం దాకా సీటొచ్చింది, కరీబియన్ లాంటి బయట దేశంలో చదివొచ్చిన అమెరికా సిటిజన్లకి 67 దగ్గర ఆగింది. 2020 నుంచి డీఓలూ ఎండీలూ ఒకే మ్యాచ్‌లో పోటీ పడుతున్నారు, విడి విడి గుంపులు లేవు. ఎండీ అనే రెండక్షరాల కోసం అంత తేడా కొనుక్కోవడం నాకైతే నచ్చదు.

ఇప్పుడు అసలు విషయం, మీ మేనకోడలి ఫ్రెండ్ చెప్పిన మాట. అది ఒకప్పుడు నిజం. డీఓ కాలేజీలన్నిటికీ కలిపి ఆకోమాస్ అనే ఒకే అప్లికేషన్ ఉంటది, అందులో సబ్జెక్టు మళ్ళీ చదివితే పాత గ్రేడు పోయి కొత్తదే లెక్కలోకొచ్చేది, అందుకే మార్కులు తక్కువైన పిల్లలంతా అటు పరిగెత్తేవాళ్ళు. 2017 మేలో ఆ రూల్ ఎత్తేశారు. ఇప్పుడు ఎన్నిసార్లు రాస్తే అన్నీ కలుపుతారు. ఆ పాత సలహా మటుకు ఇంకా నోట్లోంచి నోట్లోకి తిరుగుతూనే ఉంది.

ముప్పై ఏళ్ళు విజయనగరంలో కెమిస్ట్రీ చెప్పినోణ్ణి, లెక్క వెయ్యకుండా ఉండలేను. 60 క్రెడిట్లని 2.85తో గుణిస్తే 171 పాయింట్లు. సీ మైనస్ అంటే 1.7, ఆ నాలుగు క్రెడిట్ల ఆర్గానిక్ మళ్ళీ చదివి ఏ, అంటే 4, తెచ్చుకుందనుకోండి, పాత రూల్లో అయితే 2.85 కాస్తా 3.00 అయిపోయేది. ఇప్పుడు 187ని 64తో భాగించాలి, 2.92. ఒక వేసవంతా కూర్చుని చదివితే మిగిలేది 0.07. అదే ఓ 30 క్రెడిట్లు కొత్త సైన్స్ సబ్జెక్టులు చదివి 3.8 తెచ్చుకుంటే 285ని 90తో భాగిస్తే 3.17 దగ్గరకొస్తది. సీటు వచ్చినవాళ్ళ సగటు సైన్స్ జీపీఏ 3.5 చుట్టుపక్కల ఉంటది, అక్కడికి ఎలాగూ చేరదు, కానీ చివరి 30 క్రెడిట్లలో 3.8 ఉన్న పిల్లనీ 2.85 దగ్గరే ఆగిపోయిన పిల్లనీ కాలేజీవాళ్ళు ఒకేలా చూడరు కదండీ. సెమిస్టర్ వారీగా పైకెళ్తోందా కిందికొస్తోందా అని చూస్తారు వాళ్ళు.

అందుకని ఆర్గానిక్ మళ్ళీ చదవాల్సిందే, జీపీఏ కోసం కాదు, చాలా కాలేజీలు తప్పనిసరి సబ్జెక్టుల్లో కనీసం సీ అడుగుతాయి, సీ మైనస్ అంటే గేటు దగ్గరే ఆపేస్తారు. ఫిజిక్స్ రెండూ సీ ఉన్నాయి, సిగ్గుపడాల్సిందే గానీ ఆ గడప దాటేసింది, వాటి జోలికి మళ్ళీ వెళ్ళొద్దు. ఆ టైములో బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, సెల్ బయాలజీ లాంటివి తీసుకోమనండి, మెడికల్ కాలేజీ మొదటేడు పాఠాలకి దగ్గరగా ఉంటాయి. డిగ్రీ అయ్యాక ఇలా మళ్ళీ సబ్జెక్టులు చదవడాన్ని వాళ్ళు పోస్ట్ బ్యాక్ అంటారు, ఇంటి దగ్గర స్టేట్ యూనివర్సిటీలో విడివిడిగా సబ్జెక్టులు కట్టుకుని చదివినా చాలు, ఖరీదైన ప్రోగ్రాం అక్కర్లేదు. మ్యాథ్స్‌లో ఏ గ్రేడ్లు తెచ్చి సైన్స్ జీపీఏ పెంచేద్దామనుకుంటే కుదరదు, ఆకోమాస్ సైన్స్ లెక్కలో మ్యాథ్స్ రాదు, ఎండీల అప్లికేషన్లో అయితే వస్తది.

స్పెషల్ మాస్టర్స్ అని ఇంకోటుంది, ఏడాది పాటు మెడికల్ కాలేజీ స్థాయి పాఠాలు చెప్తారు, కొన్ని డీఓ కాలేజీలే నడుపుతాయి, బాగా చేస్తే అక్కడే ఇంటర్వ్యూ కూడా ఇస్తారు. మంచిదే, కానీ పదుల వేల డాలర్ల ఖర్చు, పైగా అక్కడ బీలు వచ్చాయంటే ఇంక చెప్పుకోడానికేం మిగలదు. ముందు పోస్ట్ బ్యాక్‌లో రెండు సెమిస్టర్లు ఏలు తెచ్చుకున్నాకే దాని మాట ఎత్తాల.

ఒకటి మటుకు పిల్లని సూటిగా అడగండి, సీలు ఎందుకొచ్చాయని. నా దగ్గర చదివిన పిల్లల్లో ఆర్గానిక్ పోయినవాళ్ళలో ముప్పాతిక మంది రియాక్షన్లు బట్టీ పట్టినవాళ్ళే, ఎలక్ట్రాన్లు ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయో చెయ్యి పెట్టి గీసి చూడరు, పరీక్షలో కొంచెం మార్చి ఇస్తే చేతులెత్తేస్తారు. లేదూ అంటే రెండు పూటలా పార్ట్ టైం పని చేసిందా, ఒంట్లో బాలేదా, ఇంట్లో ఏదన్నా జరిగిందా. కారణం తెలీకుండా అదే పద్ధతిలో మళ్ళీ చదివితే అదే గ్రేడు ఇంకోసారి పడుతుంది, ఇప్పుడది చెరగదు కూడా.

ఎంక్యాట్ 498 సంగతి. ఆ పరీక్ష 472 నుంచి 528 దాకా, నడిమధ్య 500. డీఓ సీటు వచ్చినవాళ్ళ సగటు 504 చుట్టుపక్కల, ఎండీలకి 511 పైన. జీపీఏ తక్కువైనప్పుడు ఎంక్యాట్ సగటుకి కాస్త పైనే ఉండాల, రెండూ కింద ఉంటే పట్టుకోడానికి ఏదీ ఉండదు. ఆర్గానిక్, బయోకెమిస్ట్రీ చదివాకే మళ్ళీ రాయమనండి, పూర్తి నిడివి ప్రాక్టీస్ పరీక్షలు కూర్చుని రాస్తే వరసగా 506, 507 వస్తుంటేనే డేటు బుక్ చెయ్యాల. ఏడున్నర గంటల పరీక్ష అది. ఏడాదిలో మూడుసార్లు, జీవితం మొత్తమ్మీద ఏడుసార్లే రాయనిస్తారు, రాసినవన్నీ కాలేజీలకి కనపడతాయి కూడా.

అమ్మమ్మకి తోడెళ్తోందన్నారు. ఇది చదివాక నాకు పిల్ల మీద గౌరవం పెరిగింది, కానీ ఇక్కడే ఒక జాగ్రత్త. అప్లికేషన్లో వ్యాసం 5,300 అక్షరాలే, ఖాళీలతో సహా. ఉద్దానం గురించి మొదలెడితే నీళ్ళలో ఏముంది, ఎన్నేళ్ళ నుంచి జనం పోతున్నారు, ఎవరు పరిశోధన చేశారు అని సగం అక్కడే అయిపోతది, ఆ వ్యాసంలో ఉద్దానం ఉంటది గానీ పిల్ల ఉండదు. నాలుగు గంటలు మిషన్ పక్కన కూర్చున్నప్పుడు తను ఏం చూసింది, అమ్మమ్మ ఏం అడిగితే జవాబు చెప్పలేకపోయింది, అది చాలు. సూది గుచ్చాను, సెలైన్ మార్చాను లాంటివి చెయ్యకూడదు, చేసి రాయకూడదు, ఇక్కడ ఎవరైనా చెయ్యనిచ్చినా సరే, అక్కడ చదివేవాళ్ళకి అది తప్పుగా కనపడుతుంది. అలాగే అమెరికాలో కూడా ఆస్పత్రి అనుభవం ఉండాల, ముఖ్యంగా ఒక డీఓ డాక్టరు వెంట కొన్ని వారాలు తిరిగి ఆయన చేత ఉత్తరం రాయించుకోవాల, కొన్ని కాలేజీలు అది తప్పనిసరి అంటాయి.

అందుకే ఈ ఏడాది పెట్టొద్దు అంటాను. అప్లికేషన్ మే మొదట్లో తెరుస్తారు, వచ్చినవి వచ్చినట్టు చూసుకుంటూ సీట్లు ఇచ్చేస్తారు, ఆలస్యంగా వచ్చిన బలహీనమైన అప్లికేషన్ అడుక్కి పోతుంది. మొదటి కాలేజీకి 200 డాలర్ల దగ్గర, తర్వాత ఒక్కోదానికి 50, 60, పైన ఒక్కో కాలేజీ విడిగా అడిగే రెండో అప్లికేషన్‌కి సెకండరీ ఫీజులు, పదిహేను కాలేజీలకి పెడితే ఎంతవుతుందో బావగారే లెక్క వేసుకుంటారు. ఆయనకి ఇంకో మాట కూడా చెప్పండి, 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే పిల్లలకి అక్కడ గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ లోను లేదు, మెడికల్ చదివేవాళ్ళకి ఏడాదికి 50,000, మొత్తం 2,00,000 డాలర్ల వరకే ఇస్తారు. చాలా ప్రైవేట్ డీఓ కాలేజీల్లో ఫీజూ ఖర్చూ కలిపితే దాన్ని దాటేస్తుంది, మిగతాది ఎక్కణ్ణుంచి తెస్తారో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి.

ప్రశ్న: అన్నయ్య గారూ, మాది విజయనగరం. మా బాబుకి ఇంటర్ బైపీసీ, నీట్‌లో సీటొచ్చేంత మార్కులు రాలేదు. ఒక కన్సల్టెన్సీ ఆయన నీట్ లేకుండా అమెరికాలో డైరెక్టుగా డీఓ సీటు ఇప్పిస్తాను, అడ్వాన్స్ కట్టండి అంటున్నాడు. పైడితల్లమ్మ పండగ లోపు కట్టాలట.
– ఒక తల్లి

జవాబు: కట్టొద్దమ్మా. ఇంటర్ తర్వాత నేరుగా వెళ్ళే చదువు కాదది, ముందు నాలుగేళ్ళ డిగ్రీ, ఎంక్యాట్, ఆ తర్వాత నాలుగేళ్ళు డీఓ, దానిపైన రెసిడెన్సీ మూడేళ్ళ నుంచి ఏడేళ్ళు. పైగా మన పాస్‌పోర్టుతో వెళ్ళే పిల్లల్ని తీసుకునే డీఓ కాలేజీలు తక్కువ, తీసుకున్నా వాళ్ళకి అక్కడి ప్రభుత్వ లోను రాదు. నీట్ అక్కర్లేదన్న మాట వినగానే లేచొచ్చెయ్యాల్సింది, బయట దేశంలో ఎంబీబీఎస్ చదివొచ్చి ఇక్కడ ప్రాక్టీస్ చెయ్యాలన్నా 2018 నుంచి మనవాళ్ళకి నీట్ క్వాలిఫై అవ్వడం తప్పనిసరి. ఆయన్ని ఒక్కటే అడగండి, ఏ కాలేజీయో పేరు కాగితం మీద రాసిమ్మని, ఆ కాలేజీకి బాబు చేతే మెయిల్ పెట్టించండి. జవాబొచ్చేదాకా పండగ పనులు చూసుకోండి.

ప్రశ్న: సార్, రాజాంలో బీఎస్సీ రెండో ఏడు. 55 శాతం ఉంది, ఒక పేపర్ పోయింది. ఈ డిగ్రీతో డీఓకి పెట్టొచ్చా?

జవాబు: ఈ డిగ్రీ ఒక్కదానితో కష్టం బాబూ, చాలా కాలేజీలు కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్ ల్యాబులతో సహా అమెరికాలోనే చదివుండాలంటాయి, అంటే అక్కడికెళ్ళి మళ్ళీ చదవాల. పోయిన పేపర్ ఏదో రాయలేదు నువ్వు. ఆర్గానిక్ అయితే చెప్పు, నా పాత నోట్సు అటకమీద ఉంది, దించుతాను.