అండమాన్‌లో ఏ బీచ్ అని కాదు, ఏ పూట అని అడగండి

"అమ్మానాన్నలతో అండమాన్ వెళ్తున్నాం, అయిదు రోజులు. తప్పక చూడాల్సిన బీచ్ ఏది?" అని అడిగారు. హావ్‌లాక్ దీవిలోని రాధానగర్ అని అందరూ చెప్తారు. నిజమే, బాగుంటుంది. నేను మాత్రం నీల్ దీవిలో రెండు రాత్రులు ఉండమంటాను. 2018 నుంచి దాని పేరు షహీద్ ద్వీప్, హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది కానీ పాత పేర్లే ఇంకా నోట్లో ఆడుతున్నాయి.

మేము వెళ్లింది జనవరిలో, పౌర్ణమి రోజు. మా ప్యాకేజీలో నీల్‌కి ఇచ్చింది ఒక్క పూటే. పొద్దున పదింటికి లక్ష్మణ్‌పూర్-2 బీచ్ దగ్గర దింపి, "ఇక్కడే సహజ వంతెన, అరగంటలో వచ్చేయండి" అన్నాడు డ్రైవర్. తీరా చూస్తే నిండా పోటు. వంతెన దాకా నడిచే రాళ్లన్నీ నీళ్ల కిందే ఉన్నాయి. వచ్చినవాళ్లంతా దూరం నుంచే సెల్ఫీలు తీసుకుని వెనక్కి తిరిగారు. అంత డబ్బు పోసి వచ్చిన మనుషుల్ని పోటు వేళ తీసుకొచ్చి చూపించడం ఏం పద్ధతి? నాకు ఇప్పటికీ కోపమే.

మా అమ్మ పుట్టిల్లు భీమిలి దగ్గర. "పున్నమి కదరా, మూడు దాటితే నీళ్లు తీసేస్తాయి, ఉండిపోదాం" అంది. సాయంత్రం ఫెర్రీ టికెట్లు వదులుకున్నాం.

మూడున్నరకి మళ్లీ వెళ్తే అది వేరే చోటు. పొద్దున అలలు కొట్టినచోట మడుగులు. అమ్మ నా భుజం పట్టుకుని రాయి రాయికీ అడుగేసింది. ఒక మడుగు దగ్గర వంగితే మా నీడ పడగానే వేలెడు చేపలు రాయి కిందికి దూరిపోయాయి. అడుగున దోసకాయంత నల్లటి జీవి, కదులుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా పాకుతోంది. అమ్మ చాలాసేపు అక్కడే కూర్చుంది. వంతెన అంటే పగడపు రాయిని సముద్రం తొలిచేసిన కమాను, పైన చెట్లు కూడా మొలిచాయి. దేశ విభజన తర్వాత వచ్చి స్థిరపడిన బెంగాలీలు దాన్ని హౌరా బ్రిడ్జి అంటారు.

మనవాళ్లకి ఒక్క మాట. గోధుమరంగులో రాయిలా కనిపించే పగడం బతికే ఉంటుంది. దానిమీద నిలబడి ఫొటోలు దిగేవాళ్లని చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది. గవ్వలు, పగడాలు ఏరుకుని బ్యాగులో వేసుకోవడం కూడా నేరమే, ఎయిర్‌పోర్టులో తీయించేస్తారు.

భాష గురించి టెన్షన్ వద్దు. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) జంగ్లీఘాట్‌లో ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆటుపోట్ల గురించి వాళ్లని అడగండి, ఏ ఏజెంటూ చెప్పనంత బాగా చెప్తారు.

మీ తేదీలు పౌర్ణమికో అమావాస్యకో దగ్గరైతే నీల్‌లో మధ్యాహ్నం మూడు తర్వాత ఇంకే పనీ పెట్టుకోకండి. శీతాకాలంలో అయిదు దాటగానే పొద్దు గూకుతుంది, ఈలోపే ఒడ్డుకి వచ్చేయాలి. అమ్మగారికి వెనక పట్టీ ఉన్న చెప్పులు ఇక్కడే కొనేయండి, ఆ రాళ్ల మీద మామూలు స్లిప్పర్లు నిలవవు.