‘సెఫ్’కు అర్థముందా?

సందేహం: ‘ఎలెక్ట్రోఎన్‌సెఫలోగ్రామ్’ (మెదడు విద్యుత్తు నమోదు) అన్న మాటను అమెరికన్ నిఘంటువు మెరియమ్-వెబ్‌స్టర్ చుక్కలు పెట్టి ఎలెక్-ట్రో-ఎన్-సెఫ్-అ-లో-గ్రామ్ అని ఏడు ముక్కలు చేసింది. వీటిలో ‘సెఫ్’కీ ‘అ’కీ విడిగా అర్థాలున్నాయా? అసలిది సమాసమేనా?

సమాధానం: ఆ ముక్కలకు అర్థాలు లేవు. అచ్చులో మాట పంక్తి చివర పట్టకపోతే ఎక్కడ విరిచి అడ్డగీత పెట్టవచ్చో చెప్పడానికే ఆ చుక్కలు. సిలబుళ్ల లెక్కకూ అవి సరిపోవు. పలికి చూడండి: మొదట్లోనే ‘ఎ-లెక్’ అని రెండు వస్తాయి, మొత్తం ఎనిమిది. ఒంటి అక్షరాన్ని పంక్తి చివర వదలకూడదన్న అచ్చు నియమం వల్ల ఆ రెంటినీ కలిపి ఉంచారు.

‘సెఫ్’ దగ్గర తెలుగువాళ్లు తడబడటం సహజం. మనం హల్లును తర్వాతి అచ్చుతో చేర్చి సె-ఫ-లో అంటాం. ఊనిక పడిన, అంటే నొక్కి పలికే, హ్రస్వాచ్చుకు తర్వాతి హల్లును అంటిపెట్టడం అమెరికన్ అచ్చు సంప్రదాయం. ఫో-టో-గ్రాఫ్ అని విడదీసినవారే ఫొటోగ్రఫీకి వచ్చేసరికి ఫ-టాగ్-ర-ఫీ అంటారు. అర్థమున్న ‘గ్రాఫ్’ అక్కడ నిలువునా చీలిపోయింది! ఆ నిఘంటువే ఉచ్చారణ చూపే చోట మనలాగే సె-ఫ అని రాస్తుంది.

అర్థం కోసమైతే గ్రీకు మూలాల దగ్గర విడదీయాలి. ఎలెక్ట్రో విద్యుత్తు, ఎన్‌సెఫలో మెదడు, గ్రామ్ రాత. మూడే. డాక్టర్లు రాసే ‘ఈఈజీ’ ఈ మూడింటి తొలి అక్షరాలే. ఇంకా లోపలికి వెళితే ‘ఎన్’ అంటే లోన, ‘సెఫలో’కు మూలమైన ‘కెఫలె’ అంటే తల. తలలో ఉండేది మెదడు. ఇంత తెలిస్తే మెదడువాపు ఎన్‌సెఫలైటిస్ ఎందుకైందో, తలలో నీరు చేరడం హైడ్రోసెఫలస్ ఎందుకైందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఇది సమాసమే. ఒకప్పుడు ఇందులో సంధి కూడా జరిగింది. 1924లో మనిషి మెదడు విద్యుత్తును తొలిసారి నమోదు చేసిన జర్మన్ మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్, 1929లో వ్యాసం ప్రచురిస్తూ దీన్ని ‘ఎలెక్ట్రెన్‌కెఫలోగ్రామ్’ అన్నాడు. మేన, అల్లుడు కలిసి మేనల్లుడు అయినప్పుడు మొదటి మాట చివరి అచ్చు లోపించినట్టే, ఇక్కడ ‘ఎలెక్ట్రో’లోని ఓకారం పోయింది. ఇంగ్లిషు దాన్ని మళ్లీ తెచ్చి రెండు అచ్చులనూ పక్కపక్కన నిలిపింది. అందుకే పలికేటప్పుడు ‘ట్రోన్’ అని కలిపేయకండి. ‘ట్రో’, ‘ఎన్’ విడిగా పలికి, ఊనిక ‘సె’ మీద ఉంచండి.