తీరం వెంట సాగే ఓడ

ప్రశ్న: నార్వేలో బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా వెళ్లే హుర్టిరూటెన్ ఓడలు విహారనౌకలా, లేక ఫెర్రీలా? పెద్దవయసు తల్లిదండ్రులను తీసుకెళ్లవచ్చా?

జవాబు: విహారనౌకలూ, ఫెర్రీలూ రెండూ అవునండీ. తపాలా, సరుకులు, ప్రయాణికుల కోసం 1893లో కెప్టెన్ రిచర్డ్ విత్ ప్రారంభించిన ఈ సర్వీసు నేడు 34 రేవుల్లో ఆగుతుంది. 2021 నుంచి హవీలా సంస్థ ఓడలు కూడా ఇదే మార్గంలో తిరుగుతున్నాయి. ఇవి సరుకులు, స్థానికులను చేరవేసే ఓడలు కాబట్టి కాసినోలను, రాత్రివేళ ప్రదర్శనలను ఆశించి వెళితే నిరాశ తప్పదు. మీ పక్కన కూర్చున్న వ్యక్తి తర్వాతి రేవులో దిగి ఇంటికి వెళ్లే స్థానికుడు కావచ్చు.

అర్ధరాత్రి ఓడ ఏదో చిన్న రేవుకు చేరుతుంది, పక్కనున్న పెద్ద తలుపు తెరుచుకుంటుంది, ఫోర్క్‌లిఫ్టు సరుకు దింపి ఎక్కిస్తుంది, పావుగంటలో మళ్లీ ప్రయాణం మొదలవుతుంది. ఆ చప్పుడు వినడం నాకు ఇష్టమే గానీ, నిద్ర పలుచనైన పెద్దవారికి సరుకు తలుపుకు దూరంగా ఉండే గది అడగండి.

రానుపోను 12 రోజులు పడుతుంది. వెళ్లేటప్పుడు రాత్రి దాటిన చాలా రేవులు తిరుగు ప్రయాణంలో పగలు కనిపించేలా వేళలను అమర్చారు. ఒకవైపే వెళ్లగలిగితే, ఉత్తర నార్వేలోని వెస్టెరోలెన్ దీవుల మధ్య పగటిపూట సాగే దక్షిణ దిశ ప్రయాణమే (కిర్కెనెస్ నుంచి బెర్గెన్ వైపు) మేలని నా అభిప్రాయం. దీవుల చాటున సముద్రం చాలావరకు నెమ్మదిగానే ఉన్నా, వెస్ట్‌ఫియోర్డ్ అఖాతం వంటి, దీవుల చాటు లేని చోట్ల ఓడ ఊగుతుంది కనుక వాంతుల మాత్రల గురించి ముందే డాక్టరును అడగండి.