అప్‌డేట్ నడుస్తుండగా కరెంట్ పోయింది, ఆర్చ్ లినక్స్ బూట్ అయితలేదు. మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యాల్నా?

వద్దండి. మిర్యాలగూడలో యూపీఎస్ లేని డెస్క్‌టాప్, ప్యాక్‌మ్యాన్ -ఎస్‌వైయూ (ఆర్చ్‌లో అన్ని ప్యాకేజీలను అప్‌డేట్ చేసే కమాండ్) నడుస్తుండగా కరెంట్ పోయింది, ఇప్పుడు ‘అన్‌నోన్-బ్లాక్(0,0)’ అని కెర్నల్ ప్యానిక్ (సిస్టమ్‌కు గుండెకాయైన కెర్నల్ ముందుకు పోలేక ఆగిపోవడం) వస్తున్నదని మీరు అంటున్నారు. నల్గొండ చుట్టుపక్కల నేను బాగుచేసిన డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా కనపడ్డది ఇదే. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో కెర్నల్‌కు కావలసిన ఫైళ్ల మూట) లేకపోతేనో, సగమే రాసి ఆగితేనో ఈ మాట వస్తది. హోమ్‌లోని ఫైళ్లకు దీనితో సంబంధం లేదు.

2019 నవంబర్ నుంచి ఆర్చ్ కెర్నల్ ప్యాకేజీ /బూట్‌లోకి నేరుగా ఏదీ రాయదు. కెర్నల్ ముందు మాడ్యూల్స్ (కెర్నల్ వాడే డ్రైవర్లు) ఉండే ఫోల్డర్‌లో పడతది. ప్యాకేజీలన్నీ విప్పినంక, ఆఖర్న నడిచే ఎంకేఇనిట్‌సీపీఐఓ హుక్ (ప్యాక్‌మ్యాన్ తానే నడిపే చిన్న పని) దాన్ని /బూట్‌కు కాపీ చేసి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కడతది. కరెంట్ సరిగ్గా అప్పుడు పోతే మాడ్యూల్స్ కొత్తవి, /బూట్‌లో ఉన్నది పాతది లేదా ఖాళీ. పైగా /బూట్‌గా వాడే ఈఎస్‌పీ (మెషిన్ లేవడానికి కావలసిన ఫైళ్లుండే చిన్న పార్టిషన్) ఫ్యాట్32, దానికి జర్నల్ (రాతలు మధ్యలో ఆగితే సరిచేసుకునే చిట్టా) ఉండదు. అందుకే సున్నా బైట్ల ఫైళ్లు మిగులుతయి.

4 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఆర్చ్ ఐఎస్‌ఓ రాయండి. సెక్యూర్ బూట్ ఆపి, పెన్‌డ్రైవ్‌ను యూఈఎఫ్‌ఐ మోడ్‌లోనే లేపండి. లెగసీ (పాత బయోస్) మోడ్‌లో లేస్తే బూట్ ఎంట్రీలు రాసే ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ పనిచెయ్యదు. నెట్‌కు ఫోన్ యూఎస్‌బీ టెథరింగ్ చాలు.

ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కొట్టి రూట్ (సిస్టమ్ ఉన్న పార్టిషన్) ఏదో, ఈఎస్‌పీ ఏదో చూసుకోండి. ఈఎస్‌పీని మౌంట్ చెయ్యకముందే (ఫోల్డర్‌కు తగిలించకముందే) దాని మీద తప్పులు సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే.ఫ్యాట్ -ఏ నడపాలె. తర్వాత రూట్‌ను /ఎంఎన్‌టీ మీద మౌంట్ చెయ్యండి (ఫైల్‌సిస్టమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయితే మీ రూట్ సబ్‌వాల్యూమ్ పేరు చెప్పాలె, చాలావాటిలో అది @). ఈఎస్‌పీ ఎక్కడ పెట్టాలో ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాల్నో రాసి ఉండే ఫైలు) చెప్తది, సరిగ్గా అక్కడే పెట్టండి. ఇది మరిచిపోతే కొత్త కెర్నల్ రూట్ లోపలి ఉత్త /బూట్ ఫోల్డర్‌లో పడి, మళ్లీ అదే ప్యానిక్ వస్తది. ‘అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్ టైప్ వీఫ్యాట్’ అనే ఎర్రర్‌కు కూడా చాలాసార్లు కారణం ఇదే: పాత కెర్నల్ లేచింది, దాని మాడ్యూల్స్ పోయినయి.

ఇప్పుడు ఆర్చ్-క్రూట్ /ఎంఎన్‌టీ కొట్టి మీ సిస్టమ్ లోపలికి పోండి. ‘ఫైల్ టూ షార్ట్’ అని లోపలికి రానియ్యకపోతే ఏదో లైబ్రరీ ఖాళీ అయిందన్నట్టు. అప్పుడు బయట నుంచే ప్యాక్‌మ్యాన్‌కు --సిస్‌రూట్ /ఎంఎన్‌టీ ఇచ్చి పని నడిపించొచ్చు. /వార్/లిబ్/ప్యాక్‌మ్యాన్‌లో మిగిలిపోయిన డీబీ.ఎల్‌సీకే అనే తాళం ఫైలు తీసేసి -ఎస్‌వైయూ మళ్లీ నడపండి. ‘ఎగ్జిస్ట్స్ ఇన్ ఫైల్‌సిస్టమ్’ అంటే ఈ ఒక్కసారికి --ఓవర్‌రైట్ వాడొచ్చు, అలవాటు చేసుకోకండి. అంతటితో ఆగితే సరిపోదు. ప్యాక్‌మ్యాన్.లాగ్‌లో కరెంట్ పోయేముందు ‘అప్‌గ్రేడెడ్’ అని ఉన్న ప్యాకేజీలను, వాటితోపాటు లినక్స్ ప్యాకేజీని, -ఎస్‌తో మళ్లీ ఎక్కించండి. అవి ఎక్కినట్టే కనపడతయి గాని లోపల ఫైళ్లు ఖాళీగా ఉండొచ్చు.

ప్యానిక్ కాకుండా నేరుగా బయోస్ సెటప్‌కు పోతే కథ వేరు. 2022 ఆగస్టులో గ్రబ్ (కెర్నల్‌ను లేపే బూట్‌లోడర్) కొత్త వెర్షన్‌తో చాలామందికి అట్లనే అయింది: కాన్ఫిగ్ కొత్తది, ఈఎస్‌పీలోని గ్రబ్ పాతది. ప్యాక్‌మ్యాన్ తనంతట తాను గ్రబ్-ఇన్‌స్టాల్ నడపదు. అందుకే గ్రబ్-ఇన్‌స్టాల్, గ్రబ్-ఎంకేకాన్ఫిగ్ రెండూ జంటగా నడపండి. బూట్ ఎంట్రీనే మరిచిపోయే బోర్డులకు --రిమూవబుల్ పెట్టి ఇంకోసారి గ్రబ్-ఇన్‌స్టాల్ చేస్తే నిలబడతది.

విండోస్ చేసిన 100 ఎంబీ ఈఎస్‌పీని /బూట్‌గా వాడుతుంటే దాన్ని /ఈఎఫ్‌ఐకి మార్చి, /బూట్‌ను ఈఎక్స్‌టీ4 రూట్‌లోనే ఉంచడం నా సలహా. జాగా సరిపోతది, జర్నల్ అండ ఉంటది, పక్కన ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే) కెర్నల్ కూడా పెట్టుకోవచ్చు.

యూపీఎస్ కొనేదాకా -ఎస్‌వైయూడబ్ల్యూతో డౌన్‌లోడ్ మాత్రం చేసిపెట్టుకోండి. ఆ మధ్యలో కరెంట్ పోయినా నష్టం లేదు. కరెంట్ నిలకడగా ఉన్నప్పుడు -ఎస్‌యూ కొట్టండి. ఈ రెంటి నడుమ వేరే ప్యాకేజీ ఏదీ విడిగా ఎక్కించకండి, సగం కొత్త సగం పాత అయి లైబ్రరీలు తేడా కొడతయి.