రోజుకు గుప్పెడు కాయలే వస్తున్నాయి, వాటితో ఏం వండుకోవాలి?

ఒంగోలు నుంచి అడిగినామె ప్రశ్న చదివితే నవ్వొచ్చింది, మా ఇంటి సంగతే రాసినట్టుంది. మిద్దె మీద కుండీల్లో బెండ, వంగ, బీర, కాస్త ఆకుకూర వేశారట. మొక్కలు బాగానే ఉన్నాయి. కాకపోతే ఏ పొద్దు చూసినా నాలుగు బెండకాయలు, రెండు వంకాయలు, వారానికో బీరకాయ. నలుగురున్న ఇంట్లో దేనికీ చాలవు. ఫ్రిజ్జులో దాస్తే మచ్చలు పడుతున్నాయి. చివరికి బజారు నుంచి అరకిలో తెచ్చి కలపాల్సి వస్తోందని, "మీరంతా ఎట్టా సర్దుకుంటున్నారు, ఇంకో పది కుండీలు పెట్టమంటారా" అని అడిగారు.

మాది కావలి. పెరడు పెద్దదేం కాదు, బావి చప్టా పక్కన కాస్త నేల, మిద్దె మీద కొన్ని తొట్లు. నేను చెప్పేది ఒక్కటే. ఇవాళ బెండకాయ వేపుడు అని ముందే అనుకుని కాయల కోసం చూడటం బజారుకెళ్ళే వాళ్ళ పద్ధతి, పెరడున్న వాళ్ళకు అది కుదరదు. పొద్దున గిన్నెలో ఏం పడిందో చూసి ఏం వండాలో అప్పుడు అనుకోవాలి. వేపుడుకు అరకిలో బెండకాయలు కావాలి. అవే నాలుగు కాయలు పులుసులో వేస్తే అందరి కంచాల్లోకీ తలా రెండు ముక్కలు వస్తాయి. కొంచెం కాయతో ఎక్కువ అన్నం తినిపించే వంటలు మన వైపు ఉండనే ఉన్నాయి కదా, పులుసు, పప్పు, రోటి పచ్చడి. మా ఇంట్లో ఎండు రొయ్యలు కూడా ఆ లెక్కలోవే.

పులుసు సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే అన్ని రకాల ముక్కలూ ఒకేసారి వేసి ఉడకబెట్టి, బాలేదనే వాళ్ళను చాలామందిని చూశాను. చింతపండు రసం పడ్డాక గట్టి ముక్క ఇక మెత్తబడదు. పులుపు దాన్ని బిగబట్టేస్తుంది, కందిపప్పుకూ ఇదే వర్తిస్తుంది. కాబట్టి మునక్కాయ, గుమ్మడి, సొర, పెద్ద ముక్కలుగా కోసిన ఎర్రగడ్డలు ముందు ఉప్పు పసుపు వేసిన నీళ్ళలో ముప్పాతిక వంతు ఉడకాలి. వంకాయ త్వరగా ఉడుకుతుంది, అది తర్వాత. అన్నీ మెత్తబడ్డాక చింతపండు రసం పోయాలి. బెండకాయది మాత్రం తిరగేసిన వరస. దాన్ని వేలెడు ముక్కలుగా కోసి, చెంచాడు నూనెలో మూత పెట్టకుండా మగ్గించి, రసం తెర్లేటప్పుడు వేయాలి. పులుపుకు జిగురు విరుగుతుంది, ముక్క చెదరదు. దించే ముందు చెంచాడు బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. తిరగమోతలో ఆవాలు, మెంతులు, ఎండు మిరపకాయ, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు చితక్కొట్టి, కరేపాకు. మెంతులు ఎర్రబడగానే మిగతావి వేసేయండి, నల్లబడితే గిన్నెడు పులుసూ చేదే.

బెల్లం విషయంలో మా ఇంట్లో రెండు పార్టీలు. నేను పుట్టింది అల్లూరు వైపు, చిన్న బెల్లం ముక్క పడకపోతే పులుసు నోటికి ఎక్కదు. అత్తమ్మది కనిగిరి పక్క పల్లె. ముక్క వేస్తుంటే చూసిందంటే "పులుసు కాస్తున్నావా, పానకం కాస్తున్నావా అమ్మాయ్" అంటుంది. ఆమె లోపలికి పోయాక వేస్తాను. తిని బాగుందంటుంది, బెల్లం ఊసు ఇద్దరమూ ఎత్తం.

పప్పు గురించి మీకు నేను చెప్పేదేముంది. ఒక్క మాట, ఆకుకూరల్ని విడివిడిగా చూడకండి. రెండు రెమ్మల తోటకూర, నాలుగు బచ్చలాకులు, గుప్పెడు చుక్కకూర, అన్నీ కలిపితే ఒక పప్పు. చుక్కకూర ఉందంటే చింతపండు అక్కర్లేదు.

రోటి పచ్చడి అత్తమ్మ రాజ్యం. కనిగిరి వైపు వాన తక్కువ, నీళ్ళకు ఇబ్బంది, కూరగాయ ఎప్పుడూ బుట్టల్లో వచ్చే చోటు కాదు. అందుకే అక్కడి వంటంతా కొంచెం కాయను ఎక్కువ మందికి సరిపెట్టే వంట. సంకటి ముద్దలోకి రెండు వంకాయల పచ్చడి ఇంటిల్లిపాదికీ చాలుతుంది. ఆమె చేసే తీరు చూడాల్సిందే. వంకాయలకు నూనె రాసి, కత్తితో ఒక గాటు పెట్టి (లోపల పురుగుంటే అక్కడే తెలుస్తుంది, గాటు లేకపోతే పగులుతుంది కూడా), సన్న మంట మీద తొక్క మాడి ఊడొచ్చే దాకా కాలుస్తుంది. రోట్లో ముందు వేయించిన శనక్కాయ విత్తనాలు పలుకుగా దంచి పక్కకు తీస్తుంది. తర్వాత నూనెలో మగ్గించిన పచ్చిమిరపకాయలు, ఉప్పు, జీలకర్ర, తెల్లగడ్డ, నానిన చింతపండు మెత్తగా నూరుతుంది. విత్తనాల పొడి మళ్ళీ కలిపాక, చివరికి వంకాయ. దానికి రెండు పోట్లు చాలు, మూడో పోటు వేయనివ్వదు. ఆఖర్న పచ్చి ఎర్రగడ్డ సన్నగా తరిగి కలపడమే. మిక్సీ అయితే వంకాయను అందులో వేయనే వద్దు, గరిటెతో మెదిపి కలపండి.

మీ వారానికో బీరకాయకు ఇది చూడండి. తొక్క, ఈనెలు ఒక పూట పచ్చడికి, నువ్వులు వేసి. లోపలి కండ చిన్న ముక్కలుగా కోసి ఎర్రగడ్డలతో మగ్గించి మూడు కోడిగుడ్లు కొట్టి పోస్తే ఇంకో పూట కూర. పిలకాయలు బీరకాయని గుర్తు కూడా పట్టరు. పొట్లకాయలో మాత్రం గుడ్డు వేయకూడదని మా వైపు పెద్దవాళ్ళ మాట. ఎందుకు అని అడిగితే "వేయరంతే" అంటారు. నేనూ వేయను, కారణం ఏంటో తెలిసి మాత్రం కాదు.

బీర, సొర, దోస కోసేటప్పుడు మొదటి ముక్క నాలుక మీద పెట్టి చూసే అలవాటు చేసుకోండి. చేదుంటే కాయంతా పారేయాలి. అయ్యో పెరటి కాయ కదా అని ఉప్పూ కారం పెంచి వండద్దు. ఆ చేదుకు కారణం కుకర్బిటసిన్ అనే పదార్థం, అది ఉడికించినా పోదు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. చేదు సొరకాయ రసం తాగి ప్రాణాల మీదికి తెచ్చుకున్న వాళ్ళు ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి వేసిన నిపుణుల సంఘం కూడా చేదుగా ఉంటే తాగొద్దనే చెప్పింది. రాలిన గింజతో దానంతట అదే మొలిచిన పాదు కాయల్ని ఇంకాస్త జాగ్రత్తగా రుచి చూడాలి.

ఇక ఎండు రొయ్యలు. తినని ఇల్లయితే ఈ పేరా వదిలేయండి, ఆ చోట వేయించిన నువ్వుల పొడి వేసుకోవచ్చు. మా వీధిలోకి తుమ్మలపెంట వైపు నుంచి ఒక పెద్దమ్మ గంపలో తెస్తుంది. గుప్పెడు రొయ్యలుంటే సగం సొరకాయ, లేదా మూడు వంకాయలు, చివరికి తోటకూర కాడలైనా కూరైపోతాయి. పని మాత్రం ఓపిగ్గా చేయాలి. ఉత్త బాండలిలో సన్న మంట మీద గలగలమనే దాకా వేయించి, చల్లారాక అరచేతుల మధ్య నలిపితే తలలు, మీసాలు, కాళ్ళు రాలిపోతాయి. చాటలో చెరిగి, గోరువెచ్చటి నీళ్ళలో వేసి, పైపైన చేత్తో దేవుకుని ఇంకో గిన్నెలోకి మార్చాలి. నీళ్ళతో పాటు వంపితే ఇసుక కూడా వచ్చేస్తుంది. గిన్నె అడుగున వేలితో రాస్తే గరుకు తగలనంత వరకూ కడుగుతూనే ఉండాలి. తర్వాత మామూలే, నూనెలో ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, తెల్లగడ్డ, రొయ్యలు వేగాక కాయ ముక్కలు. ఉప్పు చివర్లో రుచి చూసి వేయండి. వేయించేటప్పుడు కిటికీలు తీసిపెట్టుకోండి. అపార్టుమెంటులో ఉంటే మీ ఇంట్లో కూరేంటో ఎవరూ అడగరు, అందరికీ తెలిసిపోతుంది.

ఫ్రిజ్జు సంగతి. బెండకాయ, వంకాయ రెండూ చలికి ఓర్చుకోలేవు, మచ్చలు పడేది అందుకే. రెండు మూడు రోజులు కూడబెట్టాలంటే తడి పిండేసిన నూలుగుడ్డలో చుట్టి వంటింట్లో నీడపట్టున పెట్టండి. కూడబెడదామని చెట్టునే ఉంచకండి, బెండకాయ రెండు రోజులు ఆలస్యమైతే పీచు. చివర విరిస్తే పుటుక్కుమనాలి.

కూడబెట్టడం కన్నా మాకు బాగా కలిసొచ్చింది వేరే ఉంది. పక్కింటి అక్క వాళ్ళకూ ఇట్టాగే నాలుగు మొక్కలున్నాయి. ఇవాళ మా బెండకాయలు కూడా ఆమెకు, ఎల్లుండి ఆమెవి కూడా నాకు. ఇద్దరి ఇళ్ళలోనూ వేపుడు అవుతుంది. ఖాళీ గిన్నె తిప్పి పంపకూడదన్న పట్టింపు ఒకటి ఉంది కాబట్టి, గిన్నెలో కరేపాకు రెమ్మో రెండు నిమ్మకాయలో వస్తాయి. ఆమె నిమ్మకాయలు పంపిన రోజు ఏదో అడగబోతోందని అర్థం, అది వేరే కథ.

ఎప్పుడో ఒకసారి ఇదంతా తిరగబడుతుంది, బుట్టెడు ఒకేసారి వచ్చి పడుతుంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను అప్పుడు అదే జరిగింది. అది 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, దానికి ముందే మా దగ్గర గాలీ వానా మొదలయ్యాయి. పందిరి నిలవదని తెలిసిపోయి తడుస్తూనే ఉన్నవన్నీ కోసేశాం. పచ్చి టమాటాలు, వేలెడు బీరపిందెలు, లేత చిక్కుళ్ళు, సొరకాయలు. కరెంటు పోయింది, మిక్సీ లేదు. అత్తమ్మకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు, రోలు ముందేసుకుని కూర్చుంది. పచ్చి టమాటాలతో నువ్వులేసి పచ్చడి, బీరపిందెలు తొక్కతోనే గుత్తుగా చీల్చి కారం కూరి మగ్గించడం, సొరకాయలు ఇరుగుపొరుగుకి. ఆ పిందెల కూర కోసమని ఇప్పుడు కావాలనే కొన్ని లేతగా కోస్తున్నాం.

ఎండాకాలంలో ఎక్కువొస్తే బాధే లేదు. గోరుచిక్కుళ్ళు ఉప్పు మజ్జిగలో ఒక పొంగు రానిచ్చి, ఎండలో ఒరుగులు పెట్టుకోవచ్చు. రోహిణి కార్తె ఎండకు నాలుగు రోజుల్లో కటకటలాడతాయి. ముసురు రోజున వేయించుకుంటే పప్పన్నంలోకి ఇంకేం వద్దు.

పది కుండీల మాటకొస్తే, నేనైతే వద్దంటాను. కొత్త రకాలు పెంచితే గుప్పెళ్ళు పెరుగుతాయి, కూర పెరగదు. పెంచితే బెండ ఒక్కటే పెంచండి. పది పన్నెండు మొక్కలుంటే రోజు మార్చి రోజు కోసినా ఒక పూటకు సరిపోతాయి. బీర వారానికి ఒకటే కాయడానికి కుండీల కొరత కారణం కాకపోవచ్చు. బీరపూలు పొద్దువాలే వేళకు విచ్చుకుంటాయి. పొద్దున తిరిగే తేనెటీగలకు అవి అందవు, పై అంతస్తు మిద్దె మీదకు సాయంత్రం పురుగూ పుట్రా రావడం తక్కువ. సాయంత్రం వెళ్ళి చూడండి. గుత్తిగా వచ్చేవి మగపూలు, కింద చిన్న పిందెతో ఒంటరిగా ఉండేది ఆడపువ్వు. మగపువ్వు ఒకటి తెంపి రేకులు వెనక్కి మడిచి, మధ్యలో పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. పడితే మూడు నాలుగు రోజులకు పిందె సాగడం తెలుస్తుంది, పడకపోతే పసుపెక్కి రాలిపోతుంది.

ఆగస్టులో ఒక్క చిక్కుడు పాదు మాత్రం పెట్టుకోండి. దానికి పగళ్ళు పొట్టిబడితేనే పూత, ముందే వేసినా ఆకే వస్తుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాన నీళ్ళు పట్టిపెట్టి పోయండి, చిక్కుడు జాతికి ఉప్పు పడదు. సంక్రాంతికి కూరకు వస్తాయి, రథసప్తమికి రథం కట్టడానికీ మిగులుతాయి.