మందు మానేశాక మొదటి పార్టీ
మానేసి నెల కూడా కాలేదు, ఆఫీసు పార్టీలో బలవంతపెడితే ఎలా అని అడిగారు. వెళ్లకపోయినా తప్పేం లేదండీ. వెళ్తే మాత్రం కడుపునిండా తిని వెళ్లండి, ఆకలి, అలసట తాగాలనే కోరికను పెంచుతాయి. లోపలికి వెళ్లగానే సోడానో జ్యూసో చేతిలోకి తీసుకోండి. అయినా అడిగితే "వద్దు, నేను తాగట్లేదు" అని అక్కడితో ఆపేయండి. కారణాలు చెప్పారంటే వాదన మొదలైనట్టే. ఆల్కహాల్ లేని బీరు జోలికి ఇప్పుడే పోవద్దు. కొన్నింట్లో 0.5 శాతం దాకా ఉంటుంది, పైగా ఆ వాసనే పాత అలవాటును లేపుతుంది. తాగాలన్న ఉధృతి మామూలుగా అరగంటలోపే తగ్గుతుంది. ఆ కాసేపు బయటికొచ్చి, మీ సంగతి తెలిసిన మనిషికి ఫోన్ చేయండి. ముఖ్యంగా, తాగేవాళ్ల బండిలో వెళ్లకండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంటికి బయల్దేరేలా ఉండాలి.