విండోలు ఊగితే పని జరుగుతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే సంగతి గురించి ఉన్నాయి: విండోస్‌కి బదులు వేసుకునే లినక్స్‌లో స్క్రీన్ మీద కనిపించే హంగులు. మూడింటికీ ఇక్కడే జవాబులిస్తున్నాను. ప్రింటర్ల మీద వచ్చినవి వచ్చే నెల.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను రిటైర్డ్ హెడ్మాస్టర్ని. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయనీ, నా పాత ల్యాప్‌టాప్ విండోస్ 11కి పనికిరాదనీ చెప్పి మా మనవడు దాంట్లో లినక్స్ వేసిచ్చాడు. కేడీఈ ప్లాస్మా అట. విండోని పట్టుకుని జరిపితే అటూ ఇటూ ఊగుతుంది. ఏదో మీట నొక్కితే స్క్రీన్ మొత్తం నాలుగు పక్కల పెట్టెలా గిర్రున తిరుగుతుంది. "చూశావా తాతయ్యా, ఇది విండోస్‌లో ఉందా?" అంటాడు. నాకు కావలసింది పెన్షన్ కాగితాలు చూసుకోవడం, పేపర్ చదువుకోవడం, ఊళ్లో లేని పిల్లలకు వీడియో కాల్‌లో లెక్కలు చెప్పడం. కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఈ ఊగులాట చూస్తే తల తిరుగుతోంది. ఇవన్నీ ఉంటేనే లినక్స్ బాగా పనిచేస్తుందా? తీసేస్తే వాడు నొచ్చుకుంటాడేమోనని ఆగాను.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, ఆ ఊగులాట ఈరోజే తీసేయండి. దానికీ లినక్స్ పనితనానికీ ఏ సంబంధమూ లేదు. కేడీఈ ప్లాస్మా అంటే లినక్స్ మీద మనకు కనిపించే డెస్క్‌టాప్ రకం, గ్నోమ్, సిన్నమన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ కూడా అలాంటివే. సిస్టమ్ సెట్టింగ్స్ తెరిచి, పైన వెతికే గడిలో ఇంగ్లీషులో ‘ఎఫెక్ట్స్’ అని కొట్టండి. డెస్క్‌టాప్ ఎఫెక్ట్స్ అనే జాబితా వస్తుంది. అందులో ‘వాబ్లీ విండోస్’, ‘క్యూబ్’ అన్న రెంటికీ టిక్ తీసేసి అప్లై నొక్కండి. మనవడు నొచ్చుకోకుండా ఏం చెప్పాలో చివర్లో చెబుతాను.

మనవడి మురిపెం కొత్తదేం కాదు. 2006 మొదట్లో నావెల్ కంపెనీ ‘కాంపిజ్’ అనే ప్రోగ్రామ్‌ని బయటపెట్టింది. తిరిగే పెట్టె, ఊగే విండోలు లినక్స్ వాళ్లకు బాగా అలవాటైంది దాంతోనే. అదే ఏడాది అందులోంచి కొందరు విడిపోయి ‘బెరిల్’ అని మరొకటి చేశారు, 2007లో మళ్లీ కలిసిపోయారు. ఆ అక్టోబర్‌లో వచ్చిన ఉబుంటు 7.10లో ఈ హంగులు కొన్ని ముందే ఆన్ చేసి ఇచ్చారు. అదే ఏడాది మొదట్లో విండోస్ విస్టా కూడా అద్దాల్లాంటి విండోలతో వచ్చింది. కానీ చవక ల్యాప్‌టాప్‌లతో ఇచ్చే హోమ్ బేసిక్ రకంలో ఆ అద్దాలు లేవు. దానికి తగిన గ్రాఫిక్స్ కూడా కావాలన్నారు. అదే మామూలు ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న మెషీన్ మీద లినక్స్ పెట్టె గిరగిరా తిరిగేది. కుర్రాళ్లకు అంతకంటే ఏం కావాలి?

2008 ప్రాంతంలో మా రాజమండ్రి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లినక్స్ ఇన్‌స్టాల్ చేసిపెట్టే కార్యక్రమానికి వెళ్లాను. తిరిగే పెట్టె ఉన్న బల్ల దగ్గర క్యూ కట్టారు. ఉబుంటు వాళ్లు అప్పట్లో సీడీలు ఉచితంగా పోస్టులో పంపేవారు, తెచ్చిన కట్ట మధ్యాహ్నానికే అయిపోయింది. బాణసంచా చూడ్డానికి వచ్చినవాళ్లంతా భోజనానికి కూర్చోరు కదా. ఆ తర్వాత మా కంప్యూటర్ సెంటర్‌కి వచ్చిన పిల్లలు ఒక్కరు కూడా పెట్టె గురించి అడగలేదు. "మేడమ్, ఎంపీ3 పాటలు రావట్లేదు", "నెట్ డాంగిల్ పట్టుకోవట్లేదు", "తెలుగు ఎలా కొట్టాలి?" – ఇవీ ప్రశ్నలు. వీటికి జవాబు దొరికినవాళ్లు లినక్స్‌లో మిగిలారు. దొరకనివాళ్లు పెట్టె ఎంత తిరిగినా వెనక్కి వెళ్లిపోయారు. కేడీఈ వాళ్లే ఆ పెట్టెను కొన్నేళ్లు తీసేసి, 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్మా 6లో మళ్లీ పెట్టారు. లేని రోజుల్లో గోల చేసినవాళ్లు ఉన్నారు గానీ పని ఆగిపోయిందన్న మనిషి మాత్రం నాకు తగల్లేదు.

అలాగని ఆ జాబితా మొత్తానికి టిక్ తీసేయకండి. అందులో మీకు పనికొచ్చేవి ఉన్నాయి, అవే అంతగా ఎవరికీ చూపించరు.

మొదటిది జూమ్. విండోస్ బొమ్మ ఉన్న కీని పట్టుకుని ‘=’ నొక్కితే స్క్రీన్ మొత్తం పెద్దదవుతుంది, ‘-’ నొక్కితే తగ్గుతుంది, సున్నా నొక్కితే మామూలుకు వస్తుంది. మౌస్ ఎటు జరిపితే చూపు అటు వెళుతుంది. ఇంగ్లీషు చదివేవాళ్ల కంటే మనకే దీని అవసరం ఎక్కువంటాను. ద, ధ, థ చూడండి. ధకి కింద ఓ చిన్న గీత, థకి కడుపులో ఓ చుక్క, అంతే తేడా. స్కాన్ చేసిన పాత పెన్షన్ ఆర్డర్‌లో ఆ చుక్క ఉందో, కాగితం మీద మరకో తేల్చడానికి కళ్లు చికిలించక్కర్లేదు, రెండుసార్లు ‘=’ కొడితే చాలు. వెబ్ పేజీలో కంట్రోల్, ప్లస్ నొక్కి పెద్దది చేసుకోవడం మీకు తెలిసే ఉంటుంది. అది ఆ పేజీ వరకే. ఇదైతే మెనూలు, ఎర్రర్ డబ్బాలు, వీడియో కాల్‌లో పిల్లవాడు చూపించే నోటుబుక్కు – అన్నిటికీ పనిచేస్తుంది. రోజంతా అక్షరాలు పెద్దగానే కావాలంటే మాత్రం జూమ్ వద్దు, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్‌ని 125 శాతం చేసుకోండి.

రెండోది బాణం గుర్తును వెతకడం. మౌస్‌ని గబగబా అటూ ఇటూ ఊపితే బాణం పెద్దదై కనిపిస్తుంది. ప్లాస్మా 6.1 నుంచి ఇది ముందే ఆన్ చేసి ఉంటుంది. మా అత్తగారు "బాణం ఏదమ్మా?" అని వంటింట్లోకి కేకేసేవారు. ఇప్పుడు ఆ కేక లేదు.

మూడోది మీ లెక్కల క్లాసుకి. జాబితాలో ‘మౌస్ మార్క్’ అని ఉంటుంది, దానికి టిక్ పెట్టండి. షిఫ్ట్, విండోస్ కీ రెండూ పట్టుకుని మౌస్ జరిపితే స్క్రీన్ మీద సుద్దముక్కతో గీసినట్టు గీత పడుతుంది. స్క్రీన్ మొత్తాన్ని షేర్ చేస్తూ "ఇదిగో, ఈ పదం అటుపక్కకి వస్తే గుర్తు మారుతుంది" అని చుట్టూ సున్నా చుట్టి చూపించవచ్చు. మౌస్‌తో అంకెలు రాయడం మాత్రం కష్టం, ముందే చెబుతున్నాను.

ఇక విండోని కిందకి దించినప్పుడు అది ముడుచుకుంటూ టాస్క్‌బార్‌లోకి జారే దృశ్యం ఉంది చూశారా, చాలామంది దాన్ని కూడా షోకు అనుకుంటారు. నేను అనుకోను. మా సాయంత్రం క్లాసుకి టైలరింగ్ షాపు నడిపే ఒకావిడ వచ్చేవారు. బిల్లుల ఫైల్‌ని మినిమైజ్ చేసేవారు, అది కంటి ముందు నుంచి టక్కున మాయమయ్యేది, పోయిందనుకుని ఫోల్డర్‌లోకి వెళ్లి మళ్లీ తెరిచేవారు. ‘ఈ ఫైల్ ఇప్పటికే తెరిచి ఉంది, చదవడానికి మాత్రమే ఇస్తాను’ అని మెసేజ్ వచ్చేది, ఆవిడకి టెన్షన్. నేను ‘మ్యాజిక్ ల్యాంప్’ అనే ఎఫెక్ట్ పెట్టాను. ఫైల్ సన్నబడుతూ కింద ఏ బటన్‌లోకి దూరిందో ఆవిడ కళ్లారా చూశారు. "ఓహో, ఇక్కడుంటుందా" అన్నారు. నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది అలా ఎక్కింది. కాబట్టి కొత్తవాళ్లకి అది ఉంచాలి. మీకు అది కూడా కళ్లకు ఇబ్బందైతే, సెట్టింగ్స్‌లో ‘యానిమేషన్’ అని వెతికి స్పీడ్ మీటని పూర్తిగా కుడివైపుకి, ‘ఇన్‌స్టంట్’ దాకా జరపండి. కదలికలన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. ఫోన్ చూసినా, టీవీ చూసినా తల తిరుగుతుంటే అది కంప్యూటర్ సంగతి కాదు, కంటి డాక్టర్‌కి చెప్పండి.

మనవడికి ఏం చెప్పాలంటే, వాడి పేరుతో ఇంకో యూజర్ అకౌంట్ పెట్టమనండి. వాడి అకౌంట్‌లో పెట్టె తిరుగుతుంది, మీ దాంట్లో తిరగదు.

ప్రశ్న: మేడమ్, ఖమ్మంలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్‌లో లినక్స్ మింట్ వేశాను. సిన్నమన్ రకం. బాగా నెమ్మదిగా ఉంది. ఎఫెక్ట్స్ అన్నీ ఆపేస్తే స్పీడ్ వస్తుందని ఒకాయన చెప్పారు. ఆపాను, తేడా పెద్దగా లేదు. ఇంకేమైనా ఆపాలా?
– ఒక డీటీపీ ఆపరేటర్

జవాబు: మీకు ఆ సలహా ఇచ్చినవారి ఉద్దేశం మంచిదే, లెక్కే తప్పింది. ఇప్పటి లినక్స్‌లో ప్రతి విండో తన బొమ్మని మెమరీలో విడిగా గీసుకుంటుంది. వాటన్నిటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి స్క్రీన్‌కి పంపేది కాంపోజిటర్ అనే భాగం. సిన్నమన్‌లో మీరు ఆపింది పైపై కదలికల్ని, ఆ పేర్చడాన్ని కాదు. 1366×768 స్క్రీన్ నిండా ఉన్న ఒక విండో బొమ్మకి, చుక్కకి 4 బైట్ల చొప్పున, దాదాపు 4.2 ఎంబీ పడుతుంది. అలాంటివి పది తెరిచినా 42 ఎంబీ. మీ బ్రౌజర్‌లో వాట్సాప్ వెబ్, జీమెయిల్, రెండు యూట్యూబ్ ట్యాబ్‌లు ఉంటే వందల ఎంబీలు అవే తినేస్తాయి. దొంగ అక్కడున్నాడు.

అసలు చూడాల్సింది ఇంకోటి. మెనూలో సిస్టమ్ సమాచారం చూపించే పేజీకి వెళ్లి గ్రాఫిక్స్ అన్న వరుస చదవండి. అక్కడ ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియా పేర్లలో ఏదో ఒకటి ఉండాలి. వాటికి బదులు ‘ఎల్‌ఎల్‌వీఎంపైప్’ అని ఉంటే, గ్రాఫిక్స్ చిప్ చేయాల్సిన పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతోందని అర్థం. అలాంటప్పుడు చిన్న విండో జరిపినా మెషీన్ ఆయాసపడుతుంది. సిన్నమన్ లాగిన్ అయినప్పుడు ఇదే సంగతి ఒక నోటీసుగా చెబుతుంది, మనం చదవకుండా మూసేస్తాం. ఎన్విడియా కార్డ్ ఉంటే మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరిచి, అది సూచించిన డ్రైవర్ వేసుకోండి. చిప్ సరిగ్గానే పలుకుతుంటే, మింట్‌లోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం ఉంది, దానికి మారండి. అందులో కాంపోజిటర్‌ని కూడా ఆపేయవచ్చు. విండో మేనేజర్ ట్వీక్స్‌లో చివరి ట్యాబ్. ఆపి చూడండి గానీ, వీడియో నడిచేటప్పుడు బొమ్మ అడ్డంగా చీలినట్టు కనిపిస్తే మళ్లీ పెట్టేయండి. కాంపోజిటర్ లేని పాత పద్ధతిలో ఆ బాధ ఉండేది.

హార్డ్ డిస్క్ ఇంకా తిరిగే రకమైతే ఇవన్నీ పక్కనపెట్టి ముందు ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, వేయించండి. ఎఫెక్ట్స్ వంద ఆపినా రాని తేడా దాంతో వస్తుంది.

మీరు అడగలేదు గానీ డీటీపీ అన్నారు కాబట్టి: అను ఫాంట్లలో కట్టిన పాత పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. ఆ ఫైళ్లు, ఆ కీబోర్డు, పేజ్‌మేకర్ – వీటికోసం ఒక విండోస్ మెషీన్ ఉంచుకోక తప్పదు. కొత్త పనులు యూనికోడ్‌లో, లినక్స్‌లో నడిచే ఇంక్‌స్కేప్, స్క్రైబస్ అనే డిజైన్ ప్రోగ్రామ్‌లలో చేసుకోవచ్చు. మీలాంటివాళ్లకి లినక్స్ ఎంత పనికొస్తుందో ఇక్కడ తేలుతుంది, ఎఫెక్ట్స్ దగ్గర కాదు.

ప్రశ్న: హాయ్ మేడమ్, డిగ్రీ సెకండియర్. నా ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో విండో క్లోజ్ చేస్తే మంటల్లో కాలిపోతుంది! మాది గ్నోమ్. నాకూ కావాలి. ఇది వేస్తే సిస్టమ్ పాడవుతుందా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: పాడవదు బాబూ, వేసుకో. గ్నోమ్ ఎక్స్‌టెన్షన్స్‌లో, అంటే గ్నోమ్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లలో, ‘బర్న్ మై విండోస్’ అని వెతుకు. మంట ఒక్కటే కాదు, ధూళై పోయేది, ముక్కలై రాలేది కూడా ఉన్నాయి. పెద్దదాన్ని కాబట్టి వద్దంటాననుకున్నావేమో. నీ ల్యాప్‌టాప్, నీ సరదా. దీన్ని ఎక్కించే తంటాలో సెట్టింగ్స్ ఎక్కడుంటాయో, ఎక్స్‌టెన్షన్ అంటే ఏమిటో కూడా తెలుస్తుంది.

ఒక్కటి గుర్తుపెట్టుకో. గ్నోమ్ ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది, అప్పుడు పాత ఎక్స్‌టెన్షన్లు ఆగిపోవచ్చు. 2023 సెప్టెంబర్‌లో గ్నోమ్ 45 వచ్చినప్పుడు ఎక్స్‌టెన్షన్లు రాసే పద్ధతే మారింది, అన్నిటినీ వాటి రచయితలు మళ్లీ సరిచేయాల్సి వచ్చింది. పరీక్షల ముందు, ప్రాజెక్ట్ సబ్మిట్ చేసే వారంలో వెర్షన్ మార్చకు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో స్క్రీన్ షేర్ చేసే ముందు మంట ఆపెయ్యి.